మీరు కల్పించిన ఊళ్ళో జనం బొమ్మల్లా నిలబడిపోతే: లక్షణాలు, కారణాలు, మరమ్మతులు

ఫాంటసీ నవలకో, గేమ్ కథకో సొంతంగా ఒక జాతిని, వాళ్ళ దేవుళ్ళని, కట్టుబాట్లని కల్పించి రాసేవాళ్ళ చిత్తుప్రతులు చదివితే జబ్బులు ఓ అయిదారుకి మించి కనిపించవు. వాటిలో చాలావాటికి మూలం ఒక్కటే: ఆచారం ఏమిటో రాస్తారు గానీ, దానివల్ల ఎవరి పని ఆగిపోయిందో, ఎవరి జేబు నిండిందో రాయరు. మీది ఏ లక్షణమో చూసుకుని అక్కడికే వెళ్ళండి, అన్నీ చదవక్కర్లేదు.

ఉదాహరణకి ఒక ఊరు అనుకుందాం, పేరు ఈదురుగట్టు. అన్నీ తాటాకు ఇళ్ళే. ఏడాదిలో నాలుగు నెలలు ఒకటే గాలి. ఆ నాలుగు నెలలూ పొద్దుగూకాక ఎవరూ నిప్పు రాజేయకూడదని కట్టుబాటు.

లక్షణం: మొదటి అధ్యాయంలోనే ఆపేసి "బాగుంది, మిగతాది తర్వాత చదువుతా" అంటున్నారు

కారణం: మీ నోట్సు మొత్తం తెచ్చి అక్కడే దించేశారు. "ఈదురుగట్టు వాసులు గాలిదేవతను కొలుస్తారు, వారి ముఖ్య ఆహారం ఫలానా, వారి వస్త్రధారణ ఫలానా" అంటూ జిల్లా వివరాలు రాసే సర్కారీ గెజిటీర్ నడుస్తోంది. ఆ ఊరివాడెవడూ అలా ఆలోచించడు. సింహాచలం అప్పన్న ఏడాదంతా చందనం పూతలో ఉంటాడు, అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే నిజరూప దర్శనం. చందనోత్సవం ముందురోజు రాత్రి విశాఖలో ఏ ఇంట్లోనైనా ఈ ముక్క ఒకరికొకరు చెప్పుకుంటారా? టికెట్లు దొరికాయా, తెల్లవారుజామున ఎన్నింటికి బయల్దేరాలి, బండి ఎక్కడ ఆపేస్తారు, ఆ ఎండలో అమ్మమ్మ అంతసేపు లైన్లో నిలబడగలదా, టెన్షనంతా వీటి గురించే. భక్తి లేక కాదు, అది అందరికీ తెలిసిందే కాబట్టి మాటల్లోకి రాదు.

మరమ్మతు: ఆ వివరణ తీసేసి, ఆచారానికి ఎదురెళ్ళే అవసరం ఒకటి ఏదో ఒక పాత్రకి పెట్టండి. ఈదురుగట్టులో పసివాడికి జ్వరం వచ్చింది, కషాయం కాచాలి, చూస్తే చీకటి పడిపోయింది.

"పిన్నీ, కుంపటి ఒక్కసారి ఇయ్యవా. తలుపేసుకునే కాచేస్తాను."

"మీ చిన్నాన్నకి తెలిసిందంటే ఇంటి కప్పు పీకించేస్తాడే. తెల్లారనీ."

"తెల్లారేదాకా వీడు ఉండాలిగా."

నిషేధం ఏమిటో, తప్పితే పడే శిక్ష ఏమిటో, ఊళ్ళో పెత్తనం ఎవరిదో తెలిసిపోయింది. గాలిదేవత ఊసు ఇంకా రానేలేదు, ఇప్పుడప్పుడే రావక్కర్లేదు కూడా.

లక్షణం: ఒక జాతి మొత్తానికి ఒకటే గుణం

కొండవాళ్ళంతా వీరులు, రేవువాళ్ళంతా జిత్తులమారులు, ఎడారివాళ్ళంతా మాట తప్పనివాళ్ళు. నాకు అన్నిటికన్నా విసుగు పుట్టించేది ఇదే, ఎందుకంటే ఇది రాతలో లోపంతో ఆగదు, పక్కవాళ్ళ మీద మనకున్న దురభిప్రాయాలు కల్పితం పేరుతో దొడ్డిదారిన వచ్చి కూర్చుంటాయి.

కారణం: దూరంనుంచి చూస్తున్నారు. బీచ్ రోడ్డు మీద నిలబడి చూసేవాడికి సముద్రం మీదకి వేటకెళ్ళేవాళ్ళంతా ఒకటే జనం. ఫిషింగ్ హార్బర్ లోపలికి వెళ్ళి కాసేపు కూర్చుంటే మరబోటు వాళ్ళ లెక్క వేరు, తెప్ప వాళ్ళ లెక్క వేరు అని తెలుస్తుంది. చేపల గుంపుని చుట్టేసి పట్టే రింగు వల మాటెత్తితే పేటకీ పేటకీ గొడవ. వేటకి వెళ్ళేది మగవాళ్ళే గానీ ఒడ్డుకొచ్చిన చేపని బేరమాడి, గంపకెత్తి, వీధుల్లో అమ్మి, రూపాయి తెచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళు. మరి ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది? ఇంటికో జవాబు ఉంటుంది.

మరమ్మతు: ఒకే ఆచారాన్ని దానివల్ల లాభపడేవాడి దగ్గర, నష్టపోయేవాడి దగ్గర, పట్టించుకోనివాడి దగ్గర చూపించండి. ఈదురుగట్టు కుమ్మరుల్ని తీసుకోండి. కుమ్మరి ఆవం రాత్రంతా కాలాలి, ఆర్పితే కుండలు పోతాయి. కాబట్టి వాళ్ళకి నిషేధం లేదు, బదులుగా ఊరికి దూరంగా వాగు అవతల ఉండాలి. గాలి నెలల్లో వేడి గంజి కావాలన్నా, బాలింతకి నీళ్ళు కాగాలన్నా రాత్రిపూట వాగు దాటి వాళ్ళ గుమ్మం ముందు నిలబడాల్సిందే, ఊరికే ఇవ్వరుగా మరి. దాంతో కుమ్మరులు నాలుగు డబ్బులు వెనకేసుకున్నారు, పగలు వాళ్ళని దూరం పెట్టే పెద్దమనుషులే రాత్రి వాళ్ళ దగ్గర అప్పు చేస్తున్నారు, కుర్రాళ్ళు దొంగచాటుగా వెళ్ళి వేడన్నం తినొస్తున్నారు, పూజారి మాత్రం వాగు అవతలా నిషేధం ఉండాలంటున్నాడు. ఇప్పుడు "ఈదురుగట్టు వాళ్ళు ఎలాంటివాళ్ళు" అని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పలేరు. చెప్పలేకపోవడమే మనకి కావాల్సింది.

లక్షణం: పండుగ వర్ణన అదిరిపోయింది అంటారు, కానీ ఆ పేజీలు చింపేసినా కథకి ఏమీ కాదు

కారణం: ఆచారం నుంచి ఏమీ పుట్టలేదు. నిజమైన నియమం ఎలా పాకుతుందో చూడాలంటే చేపల వేట నిషేధం చూడండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లూ మోటారు పడవలూ సముద్రంలోకి వెళ్ళకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. నియమం ఇంతే, ఒక్క వాక్యం. కానీ దాని వెనకాల బోట్లన్నీ లంగరేసి ఉంటాయి, ఇంజిన్ మేస్త్రీకి, రంగులేసేవాడికి పని దొరుకుతుంది, ఐసు ఫ్యాక్టరీకి పని పోతుంది, బజార్లో చేప ధర ఎక్కుతుంది, ఎండుచేపకి గిరాకీ వస్తుంది, వల కుట్టుకుంటూ కూర్చున్నవాళ్ళు ప్రభుత్వం ఇచ్చే భృతి జాబితాలో పేరుందో లేదో అని తిరుగుతుంటారు, బోటు ఓనర్ దగ్గర ముందే అప్పు తీసుకున్న కూలీ వచ్చే ఏడాది వేరే బోటు ఎక్కలేడు. మోటారు లేని తెప్పకి నిషేధం వర్తించదు, అదింకో కథ.

మరమ్మతు: మీ ఆచారాన్ని పట్టుకుని "అయితే ఏంటి?" అని అడుగుతూ పోండి, అది తిండి, డబ్బు, పెళ్ళి ఈ మూడింటిలో ఒకదాన్ని తగిలేదాకా ఆపకండి. రాత్రి నిప్పు లేదు. అయితే ఏంటి? రాత్రి తిండి చద్దే. అయితే ఏంటి? చుట్టాలొస్తే రాత్రి వండిపెట్టలేరు, కాబట్టి గాలి నెలల్లో పెళ్ళిళ్ళు పెట్టుకోరు. అయితే ఏంటి? పొరుగూరి సంబంధం కుదిరితే వాళ్ళకి మంచి ముహూర్తం సరిగ్గా గాలి నెలల్లో, అదీ అర్ధరాత్రి వచ్చింది, హోమం లేకుండా పెళ్ళేమిటని వాళ్ళు, ఊరు తగలెట్టుకుంటామా అని వీళ్ళు. కథ ఇక్కడ మొదలుపెట్టండి, పండుగ వర్ణన కావాలంటే తర్వాత చూసుకోవచ్చు.

లక్షణం: "ఇది అరకే కదా" అని చదివినవాళ్ళు నవ్వుతున్నారు

కారణం: థింసా నాట్యానికి పేరు మార్చి, సంతకి పేరు మార్చి, జీలుగు కల్లుకి పేరు మార్చి పెట్టేశారు. పైగా అక్కడ బగత, కొండదొర, కోటియా, పోర్జ, ఇలా ఎన్నో తెగలుంటే అందర్నీ కలిపి ఒకే "వనజాతి" చేసేశారు. విశాఖ నుంచి రైల్లో వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చినవాడికి కనిపించేది అంతే మరి.

మరమ్మతు: వస్తువుని వదిలేసి సంబంధాన్ని తీసుకోండి. సంతలో ఏం అమ్ముతారు అన్నది కాదు, కొలత ఎవరి చేతిలో ఉంది, ధర ఎవరు చెప్తారు, అమ్ముడుపోని బస్తా మళ్ళీ కొండెక్కించే ఓపిక లేక ఎంతకి వదిలేస్తారు అన్నది. ఆ ముడిని మీ లోకంలో పడవల మధ్య పెట్టండి, గుహల్లో పెట్టండి, ఎవరూ గుర్తుపట్టరు. ఒకవేళ ఫలానా జనం నుంచే తీసుకున్నానని మీకు తెలుసంటే ఆ జనంలో ఒకరిచేత చదివించండి, అచ్చయ్యాక కాదు, ముందే.

లక్షణం: పేర్లు నోరు తిరగవు, గుర్తుండవు

నోరు తిరగని అక్షరాలు నాలుగు గుదిగుచ్చి జ్రాక్‌థూర్ అని రాస్తే అది వేరే లోకం అయిపోదు. మన ఉత్తరాంధ్రలో అప్పన్న, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, సింహాచలం అన్ని పేర్లూ ఒక్క కొండమీది దేవుడి నుంచి వచ్చినవే, పైడిరాజు, పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి గుర్తొస్తుంది. అలా రెండు మూడు మూలాలు పెట్టుకుని వాటినుంచే పేర్లు పుట్టించండి, ఎవరు ఏ వైపువాళ్ళో పేరు వినగానే తెలుస్తుంది.

లక్షణం: పుస్తకం చివర పదకోశం పెట్టాల్సొచ్చింది

అన్నానికి, నీళ్ళకి, చెప్పులకి కూడా కొత్త మాటలు కల్పించారు, అందుకే. తెలుగులో మాట ఉన్నవాటికి తెలుగే వాడండి, ఆ ఊరికి మాత్రమే ఉన్నవాటికి, అంటే వాగు అవతలి నిప్పు కోసం ఇచ్చే అద్దె లాంటివాటికి, కొత్త మాట పెట్టి మొదటిసారి వచ్చినచోటే బేరంలోనో తిట్టులోనో అర్థమయ్యేలా చెయ్యండి. అలా చూస్తే అరవై మాటల్లో ఓ అయిదారు మిగులుతాయి. తీసేసినవి పారేయకండి, రెండో భాగం రాసేటప్పుడు వాటిల్లో కొన్ని పనికొస్తాయి.