రీకాల్ అయిన వైద్య పరికరం వల్ల గాయపడితే నష్టపరిహారం కోరడం ఎలా?

ఒంట్లో ఉన్న పరికరాన్ని కంపెనీ రీకాల్ చేసిందని (లోపముందని వెనక్కి తీసుకోవడమో, సరిదిద్దడమో) తెలియగానే చాలామంది నేరుగా లాయర్ దగ్గరికి పరుగెత్తుతారు. ఆయన మొదట అడిగేది లాట్ నంబరు, అంటే పరికరం ఏ విడతలో తయారైందో చెప్పే నంబరు. తర్వాత అడిగేది, తీసేసిన పరికరం ఇప్పుడు ఎక్కడుందని. ఈ రెండింటికీ జవాబు లేక గట్టి కేసులు నీరుగారిపోవడం చూసి చూసి విసుగొచ్చింది. అందుకే పని ఏ వరసలో జరగాలో రాస్తున్నాను.

ముందు డాక్టర్

రీకాల్ అన్నంత మాత్రాన వెంటనే తీయించుకోవాలని కాదు. 2007లో మెడ్‌ట్రానిక్ కంపెనీ స్ప్రింట్ ఫిడెలిస్ అనే డీఫిబ్రిలేటర్ (గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే పరికరం) వైర్లు విరుగుతున్నాయని అమ్మకం ఆపేసింది. అయినా బాగా పనిచేస్తున్న వైర్లను ముందుజాగ్రత్త పేరుతో తీసేయొద్దనే చెప్పారు. వైరు బయటికి లాగడంలోనే ప్రాణాపాయం ఉంది మరి. కొన్ని రీకాల్స్‌లో సాఫ్ట్‌వేర్ మారుస్తారు, అంతే. కేసు బలపడుతుందని ఆపరేషన్ చేయించుకునే ఆలోచన అసలు పెట్టుకోవద్దు.

ఇంకో మాట. రీకాల్ నోటీసు ఒక్కటే కేసు గెలిపించదు. పరికరంలో లోపం ఉంది, మీకు గాయమైంది, ఆ లోపం వల్లే ఈ గాయమైంది అనే మూడూ తేలాలి. వీటిలో మూడోదాని దగ్గరే అందరూ బోల్తా పడతారు.

కాగితాలు

డిశ్చార్జి సమ్మరీ సరిపోదు. కేస్ షీట్ మొత్తం కాపీ రాతపూర్వకంగా అడగండి. ఆపరేషన్ నోట్స్‌లో పరికరం పెట్టె మీది స్టిక్కర్ అతికించి ఉంటుంది. కేటలాగ్ నంబరు, లాట్ లేదా సీరియల్ నంబరు అందులోనే ఉంటాయి. వాటిని రీకాల్ నోటీసుతో పోల్చండి. మోడల్ పేరు కలిస్తే చాలదు, లాట్ కూడా కలవాలి. స్కాన్ల రిపోర్టులతో పాటు అసలు ఫైళ్లు కూడా తీసుకోండి. బిల్లులు, జీతం కోతపడిన రుజువులు ఒక ఫైల్లో పెట్టుకోండి.

డైరీ

నోట్‌బుక్‌లో, పెన్నుతో, తేదీ వేసి రాయండి. ఫోన్ యాప్ వద్దు. యాప్‌లో నొప్పి పదికి ఏడు అని నొక్కుతారు. ఏడాది తర్వాత ఆ ఏడు ఏం చెబుతుంది? ‘మెట్లెక్కుతూ సగంలో ఆగిపోయాను, అమ్మాయి చెయ్యి పట్టుకుని దింపింది’ అన్న ఒక్క వాక్యం జడ్జికి అర్థమవుతుంది. పైగా యాప్‌లో రాసింది ఎప్పుడు మార్చారని అవతలి లాయర్ అడగడం మొదలుపెడితే సగం రోజు దానికే పోతుంది. నోట్‌బుక్‌లో కొట్టివేతలున్నా పర్వాలేదు, పేజీలు మాత్రం చింపకండి.

పరికరాన్ని దాచడం

పాడయ్యేదంతా ఇక్కడే పాడవుతుంది. దీన్ని నిదానంగా చదవండి.

తీసేసిన హిప్ జాయింటో, పేస్‌మేకరో, మెష్షో (లోపల ఆసరాగా కుట్టే వల) మీ కేసులో ప్రధాన సాక్షి. ఆస్పత్రికి మాత్రం అది చెత్త. ఎవరూ ఏమీ చెప్పకపోతే ఆ సాయంత్రమే బయోమెడికల్ వ్యర్థాల సంచిలోకి పోతుంది. కొన్నిసార్లు ఆపరేషన్ థియేటర్‌లో కంపెనీ మనిషి కూడా ఉంటాడు. ‘పరీక్షకు పంపిస్తాం సార్’ అని మర్యాదగానే పట్టుకుపోతాడు. ఇక మీ చేతిలో మిగిలేది వాళ్ల ల్యాబ్ రాసిచ్చే రిపోర్టే.

కాబట్టి ఆపరేషన్‌కు ముందే సర్జన్‌కూ ఆస్పత్రి యాజమాన్యానికీ విడివిడిగా ఉత్తరాలివ్వండి. పరికరాన్ని పారేయొద్దు, కంపెనీకి ఇవ్వొద్దు, నాకో నేను చెప్పిన వ్యక్తికో అప్పగించండి అని అందులో ఉండాలి. అందినట్టు స్టాంపు వేయించుకోండి. నోటిమాట నమ్మొద్దు. ఒప్పుకున్న డాక్టర్ ఆ రోజు డ్యూటీలో ఉండకపోవచ్చు. సమ్మతి పత్రం కూడా చదవండి. తొలగించినవాటిని ఆస్పత్రి తన ఇష్టప్రకారం పారవేయవచ్చు అనే వాక్యం చిన్న అక్షరాల్లో ఉంటే, పరికరానికి అది వర్తించదని చేత్తో రాసి సంతకం పెట్టండి.

బయటికి తీసిన వెంటనే, కడగకముందే, పక్కన స్కేలు పెట్టి అన్ని వైపులా ఫొటోలు తీయమని అడగండి. బ్లీచ్‌లో వేయకూడదు. అది లోహాన్ని తినేస్తుంది, ఆ తుప్పు ముందే ఉందా తర్వాత పట్టిందా అని ఎవరూ చెప్పలేరు. గట్టిగా రుద్ది కడిగినా, వేడి ఎక్కువైనా ఆనవాళ్లు పోవచ్చు. చుట్టూ తీసిన కణజాలాన్ని వేరే డబ్బాలో పాథాలజీకి పంపాలి. ఇదంతా నా చాదస్తం కాదు, శస్త్రచికిత్స ఇంప్లాంట్లను బయటికి తీసి భద్రపరిచే పద్ధతి మీద అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ఓ 12891 అనే ప్రమాణమే ఉంది. ల్యాబ్‌కు ఆ నంబరు చెప్పండి చాలు. గుండె పరికరమైతే తీసేముందే అందులోని రికార్డు ప్రింట్ చేయించుకోవాలి. డీఫిబ్రిలేటర్‌ను ఆఫ్ చేయకుండా ముట్టుకుంటే షాక్ కొట్టొచ్చు కూడా.

డబ్బాకు సీలు వేసి పేరు, తేదీ, టైము రాయాలి. ఎవరిచ్చారు, ఎవరు తీసుకున్నారు అనేదానికి సంతకాలతో ఒక కాగితం ఆ డబ్బాతోనే తిరగాలి. చేతులు మారిన ప్రతిసారీ కొత్త వరస. ఇంటికి తెచ్చాక తెరిచి చుట్టాలకు చూపించకండి. ‘మా వాడికి తెలిసిన ల్యాబ్ ఉంది, టెస్ట్ చేయిస్తా’ అనే బంధువు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు, ఆయనకు దూరంగా ఉంచండి. కోసి చేసే పరీక్ష ఏదైనా రెండు పక్షాల నిపుణుల ముందే జరగాలి. లేదంటే సాక్ష్యం చెడగొట్టారన్న నింద మీ మీదికే వస్తుంది.

ఇంట్లో వాడే యంత్రాలదీ ఇదే దారి. 2021లో ఫిలిప్స్ శ్వాస యంత్రాలను లోపలి ఫోమ్ (స్పాంజి లాంటిది) విరిగి పొడిపొడి అవుతోందని రీకాల్ చేసింది. ఇలాంటప్పుడు కొత్తది వస్తుందన్న ఆశతో పాతది వెంటనే కొరియర్‌లో పంపేయొద్దు. వాడకం ఆపాలో వద్దో డాక్టర్‌ను అడగండి, పాతదాన్ని పంపాలో వద్దో లాయర్‌ను అడగండి. పంపక తప్పదంటే సీరియల్ నంబరు, లోపలి భాగాల ఫొటోలు, మెమరీ కార్డు కాపీ, కొరియర్ రసీదు మీ దగ్గర ఉండాలి.

కంపెనీ ఫోన్లు

ఫోన్‌లో మాట్లాడొద్దు, అన్నీ రాతలోనే. ఆస్పత్రి ఖర్చులు ఇస్తామని పంపే ఫారంలో ‘ఇకపై ఏ క్లెయిమూ చేయను’ అనే వాక్యం ఉందేమో చూడండి. పరికరాన్ని అప్పగించడానికీ, మీ పాత వైద్య రికార్డులన్నీ తెప్పించుకోవడానికీ అనుమతి అందులోనే కలిపేస్తారు. లాయర్ చదవకుండా సంతకం వద్దు.

లాయర్, గడువు

గడువు దేశాన్ని బట్టి మారుతుంది. భారత వినియోగదారుల చట్టం 2019 కింద రెండేళ్లు, తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు. యూరోపియన్ యూనియన్‌లో, 2026 డిసెంబరు 9కి ముందు మార్కెట్లోకి వచ్చిన వస్తువులకు, 1985 నాటి ఆదేశం ప్రకారం నష్టం, లోపం, తయారీదారు ఎవరన్నది తెలిసినప్పటి నుంచి మూడేళ్లు. కానీ వస్తువు మార్కెట్లోకి వచ్చి పదేళ్లయితే ఆ హక్కే పోతుంది. అమెరికాలో రాష్ట్రానికో లెక్క. అక్కడ ఇంకో మెలిక ఉంది. అమ్మకానికి ముందే ప్రభుత్వ సంస్థ నుంచి కఠినమైన ఆమోదం పొందిన పరికరాల మీద రాష్ట్ర చట్టాల కింద వేసే దావాలు చాలావరకు నిలబడవని 2008లో రీగెల్ వర్సెస్ మెడ్‌ట్రానిక్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మీ పరికరం ఏ దారిలో ఆమోదం పొందిందో మొదటి రోజే అడగండి.

లాయర్‌ను ఎంచుకునేటప్పుడు పరికరాల కేసులు వాదించాడా, నిపుణుల ఫీజు ఎవరు పెట్టుకోవాలి, ఓడితే ఖర్చులు ఎవరి మీద పడతాయి అని అడగండి. గెలిస్తే వాటా అనే ఒప్పందం అమెరికాలో మామూలే గానీ భారత్‌లో న్యాయవాదులకు నిషిద్ధం. అలా ఒప్పుకునే లాయర్ ఎదురైతే అక్కడే లేచి వచ్చేయండి.