ఆపరేషన్ తర్వాత మా చిట్టి నొప్పిని ఎలా గుర్తుపట్టానంటే

పెంచుకునే ఆడ కుందేళ్లకు వయసు పెరిగేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ ఎక్కువగా వస్తుంది. అందుకే వైజాగ్‌లో మా కుందేలు చిట్టికి గర్భసంచి తీసేసే ఆపరేషన్ చేయించాం. ఎంవీపీ కాలనీలోని ఇంటికి తెచ్చాక మూలన కదలకుండా కూర్చుంది. ప్రశాంతంగా ఉంది కదా అనుకుని మరుసటి ఉదయం నొప్పి తగ్గించే మెలాక్సికామ్ చుక్కలు ఆపేశాను. అదే నా పొరపాటు. వేటాడే జంతువులకు దొరకకూడదని కుందేలు నొప్పిని దాచుకుంటుంది, మామూలుగా అరవదు.

మధ్యాహ్నం దగ్గర కూర్చుని చూశాను. కళ్లు సగం మూసుకుంది, చెవులు వెనక్కి వాల్చింది, బుగ్గలు చదునుగా ఉన్నాయి, పొట్ట నేలకు అదుముతోంది. నా చెవి దగ్గరగా పెడితే పళ్లు గట్టిగా నూరుతున్న చప్పుడు! (ముద్దు చేసినప్పుడు వచ్చే మెత్తని చప్పుడు వేరు.) పొద్దుటి నుంచి మేత ముట్టలేదు, ట్రేలో పెంటికలు లేవు. నాకు చాలా టెన్షన్ వచ్చింది. నొప్పితో తిండి మానేస్తే కుందేలు పేగులు మందగిస్తాయి, అది ప్రాణం మీదికి వస్తుంది.

వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. పొట్ట తడిమి, పేగుల్లో అడ్డంకి లేదని నిర్ధారించుకున్నాక నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. నానబెట్టిన గడ్డి గుళికల గుజ్జును సిరంజితో పెదవి పక్క నుంచి కొంచెం కొంచెం పెట్టమన్నారు. రాత్రి రైతుబజార్ కొత్తిమీర ముక్కు దగ్గర పెడితే ఒక రెమ్మ కొరికింది. తెల్లారేసరికి ట్రేలో పదకొండు పెంటికలు. లెక్కపెట్టి ఏడ్చేశాను.

ఆ తర్వాత డాక్టర్ చెప్పినన్ని రోజులూ ఒక్క డోసు కూడా తప్పనివ్వలేదు.