స్పెక్ట్రమ్ 48కె: కరెంటు పెట్టే ముందు చూడాల్సినవి

అటక మీంచి దించిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే పాత ఇంటి కంప్యూటర్‌కి వెంటనే కరెంటు పెట్టకండి. 1982లో వచ్చిన ఈ మెషీన్‌లో జెడ్80 ప్రాసెసర్ గట్టిది. ముందుగా దెబ్బతినేది కింది 16 కేబీ మెమరీ. ఆ ఎనిమిది 4116 చిప్పులకీ ప్లస్ 5, ప్లస్ 12, మైనస్ 5 అని మూడు వోల్టేజీలు అందాలి. మైనస్ 5 ఆగిపోయి ప్లస్ 12 మాత్రమే వస్తుంటే చిప్పులు కాలిపోతాయి.

ముందు అడాప్టర్. 9 వోల్టుల డీసీ, 1.4 ఆంపియర్లు, మధ్య పిన్ను నెగెటివ్. ఇప్పుడు బజార్లో దొరికేవి ఎక్కువగా మధ్య పిన్ను పాజిటివ్‌వి కాబట్టి వైర్లు తిప్పి అతికించి, మీటరుతో చూశాకే గుచ్చండి. పాత ఒరిజినల్ అడాప్టర్ లోడు లేనప్పుడు 12 వోల్టులు దాటి చూపిస్తుంది, అది లోపం కాదు.

అడుగున ఐదు స్క్రూలు తీసి మూత నెమ్మదిగా లేపండి. కీబోర్డు రిబ్బన్లు రెండూ ఎండి పెళుసుబారి ఉంటాయి, వంచకుండా నిటారుగా లాగాలి. విరిగితే కొత్త మెంబ్రేన్ (కీల కింద ఉండే పల్చటి షీటు) వేయడమే. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ మార్చేయండి, 105 డిగ్రీల రకం తీసుకోండి. ఇవీ, 5 వోల్టులిచ్చే 7805 రెగ్యులేటరూ బెజవాడ గవర్నర్‌పేటలో అడిగితే దొరికే సరుకే.

కరెంటు లేకుండానే 4116 చిప్పు 8వ కాలికీ 16వ కాలికీ మధ్య ఓమ్‌లు చూడండి. పది లోపు ఉంటే ప్లస్ 12 లైను షార్టయినట్టు. ఆ షార్టు తీయకుండా, ప్లస్ 12, మైనస్ 5 తయారుచేసే సర్క్యూట్‌లోని టీఆర్4 ట్రాన్సిస్టర్ మారిస్తే కొత్తదీ పోతుంది. షార్టు లేకపోతే కరెంటిచ్చి ముందుగా 1వ కాలు చూడండి. అక్కడ మైనస్ 5 కనబడకపోతే ఆ క్షణమే ఆపేయండి, తప్పు ఎక్కువగా టీఆర్4లోనే ఉంటుంది. ఉంటే 8లో ప్లస్ 12, 9లో ప్లస్ 5 సరిచూడండి. గ్రౌండు 16వ కాలు. మెషీన్ ఆన్‌లో ఉండగా వెనక ఎడ్జ్ కనెక్టర్‌కి (బయటి పరికరాలు తగిలించే చోటుకి) ఏదైనా తగిలించడం, కదపడం టీఆర్4 పోవడానికి పెద్ద కారణం.

అడాప్టర్ ఇచ్చే వోల్టేజీలో 5 పోగా మిగిలినదాన్నంతా 7805 వేడిగా వదులుతుంది. బెజవాడ మే నెలలో ఇది చిన్న సంగతి కాదు. అవే మూడు కాళ్లున్న స్విచింగ్ రెగ్యులేటర్ వేస్తే పెట్టె చల్లగా ఉంటుంది.

వోల్టేజీలు సరిగ్గా ఉన్నా తెర మీద నిలువు చారలే నిలిచిపోతే కింది మెమరీని అనుమానించండి. కింద కాపీరైట్ లైను వచ్చిందంటే ప్రింట్ పీక్ 23732 + 256 * పీక్ 23733 కొట్టండి. పీక్ కోసం క్యాప్స్ షిఫ్ట్, సింబల్ షిఫ్ట్ కలిపి నొక్కి, వదిలి, O అక్షరం కీ నొక్కాలి. 65535 వస్తే 48కె మొత్తం బాగుంది. 32767 వస్తే పై 32 కేబీ కనబడడం లేదు. ఆ పై 32 కేబీ వరసలోవి సగం మాత్రమే పనిచేసే 64కె చిప్పులు, పోయిన దాని బదులు పూర్తి 4164 వేయండి, ఏ సగానికైనా సరిపోతుంది. వీటికి ప్లస్ 5 ఒక్కటే చాలు, అదీ 8వ కాలికి. 4116లో ఆ కాలికే ప్లస్ 12 వస్తుంది కాబట్టి 4164ని కింది వరసలో పెట్టకండి.