అండర్-17 ఆసియా అర్హత పోటీల లెక్కను సొంతంగా కట్టుకోవడం ఎలా

2025 నవంబరు 30న అహ్మదాబాద్‌లో భారత అండర్-17 బాలుర ఫుట్‌బాల్ జట్టు ఇరాన్‌తో తలపడే సమయానికి మన ఖాతాలో ఒక డ్రా, ఒక గెలుపు, ఒక ఓటమి ఉన్నాయి. పాలస్తీనాతో 1–1, చైనీస్ తైపీపై 3–1, లెబనాన్ చేతిలో 0–2. గెలుపుకు 3, డ్రాకు 1 చొప్పున మూడు మ్యాచ్‌లకు 4 పాయింట్లు. డ్రా చేసుకుంటే అవి 5 అవుతాయి, గ్రూపులో మొదటి స్థానానికి అవి చాలవు. గెలిస్తే 7 అవుతాయి. మన పిల్లలు 2–1తో గెలిచి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించారు. ఆ మ్యాచ్ చూస్తున్నంతసేపూ నా పక్కన కూర్చున్నవారు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఊరికే గెలిస్తే చాలా, ఇన్ని గోల్స్ తేడాతో గెలవాలని ఏమైనా ఉందా? ఇలాంటి ప్రశ్నకు జవాబు తెరమీద కనిపించే పాయింట్ల పట్టికలో దొరకదు. ఏఎఫ్‌సీ అని మనం పిలుచుకునే ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య నియమావళిలో దొరుకుతుంది. ఆ నియమావళిని పక్కన పెట్టుకుని, ఒక నోటు పుస్తకం, పెన్సిలు సాయంతో ఈ లెక్కను ఎవరికి వారు ఎలా కట్టుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. పెన్ను వద్దు, పెన్సిలే మంచిది. ఎందుకో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ముందుగా మెట్లు ఎన్ని ఉన్నాయో రాసుకోవాలి. అండర్-17 ప్రపంచ కప్‌కు ఆసియా దేశాలు నేరుగా అర్హత పోటీలు ఆడవు. మొదట ఆసియా కప్ అర్హత పోటీలు జరుగుతాయి, అందులో నెగ్గినవారు పదహారు జట్ల ఆసియా కప్ ఆడతారు, అక్కడ రాణించినవారు ప్రపంచ కప్‌కు వెళతారు. మొదటి మెట్టు మీద రెండు గెలుపులు రాగానే ప్రపంచ కప్ గురించి మాట్లాడేవారిని చూస్తే ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత గుర్తుకొస్తుంది. అయితే రెండో మెట్టు ఇప్పుడు మునుపటంత నిటారుగా లేదన్నది నిజమే. 2018లో మలేసియాలో జరిగిన అండర్-16 ఆసియా పోటీలో (ఇప్పటి అండర్-17 ఆసియా కప్‌కు అప్పటి రూపం అదే) భారత్ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లి దక్షిణ కొరియా చేతిలో 0–1తో ఓడింది. అప్పట్లో సెమీఫైనల్ చేరిన నాలుగు జట్లకే ప్రపంచ కప్ అవకాశం ఉండేది కాబట్టి మన జట్టు ఒక్క మ్యాచ్ దూరంలో ఆగిపోయింది. 2025లో ఫిఫా అండర్-17 ప్రపంచ కప్‌ను 48 జట్లకు పెంచి, ఏటా ఖతార్‌లోనే జరిపే పద్ధతికి మార్చింది. దాంతో ఆతిథ్య జట్టు ఖతార్ కాక ఆసియాకు ఎనిమిది స్థానాలు దక్కాయి. సౌదీ అరేబియాలో జరిగిన 2025 ఆసియా కప్‌లో నాలుగు గ్రూపుల్లోనూ మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లన్నీ ప్రపంచ కప్‌కు వెళ్లాయి. ఆనాటి మన కుర్రాళ్లు చేరిన క్వార్టర్ ఫైనల్ ఈ రోజు లెక్కలో ప్రపంచ కప్ టికెట్టుతో సమానం.

పోల్చి చూడదలచినవారికి మిగతా ఖండాల వాటా కూడా చెబుతాను. 2025లో యూరప్‌కు 11, ఆఫ్రికాకు 10, ఉత్తర మధ్య అమెరికాకు 8, దక్షిణ అమెరికాకు 7, ఓషియానియాకు 3 స్థానాలు ఇచ్చారు. దక్షిణ అమెరికా సమాఖ్యలో ఉన్నవే పది దేశాలు. అందులో ఏడింటికి చోటు ఉందంటే అక్కడ అర్హత పోటీల్లో ఉండే ఉత్కంఠ మన ఆసియాలో ఉన్నంత ఉండదని నా అభిప్రాయం.

రెండో పని, ఆ ఏడాది నియమావళిలో మూడు విషయాలు వెతికి పుస్తకం మొదటి పేజీలో రాసుకోవడం: గ్రూపులు ఎన్ని, ఒక్కో గ్రూపు నుంచి ఎందరు ముందుకు వెళతారు, రెండో స్థానంలో నిలిచినవారికి ఏమైనా దారి ఉందా. కిందటేడాది పద్ధతే ఈ ఏడాదీ ఉంటుందనుకోవడం అభిమానులు తరచుగా చేసే పొరపాటు. 2025 ఆసియా కప్‌కు పది గ్రూపులు పెట్టి, పది మంది విజేతలతో పాటు రెండో స్థానంలో నిలిచిన జట్లలో మెరుగైన ఐదింటిని కూడా తీసుకున్నారు. ఆతిథ్య సౌదీ అరేబియాతో కలిపి పదహారు అయ్యాయి. 2026 కప్‌కు వచ్చేసరికి అంతా మారిపోయింది. 2025 ప్రపంచ కప్ ఆడిన తొమ్మిది ఆసియా జట్లకు అర్హత పోటీలతో పని లేకుండా నేరుగా చోటు ఇచ్చి, మిగతావారిని ఏడు గ్రూపులు చేసి, ప్రతి గ్రూపులో మొదటి స్థానానికి మాత్రమే తలుపు తెరిచారు. అందుకే అహ్మదాబాద్‌లో రెండో స్థానం అన్నది చివరి స్థానంతో సమానమైంది. పాత పద్ధతి మనసులో పెట్టుకుని చూసినవారికి ఆ తెగింపు ఎందుకో అర్థమై ఉండదు.

వయసు నిబంధన గురించి రెండు మాటలు చెప్పాలి. అండర్-17 అంటే మ్యాచ్ జరిగే రోజుకు పదిహేడు నిండకూడదని కాదు. పుట్టిన సంవత్సరమే ప్రమాణం. 2025 పోటీలకు 2008 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు, 2026 పోటీలకు 2009 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు అర్హులు. కాబట్టి డిసెంబరు 31 రాత్రి పుట్టిన బాలుడు గీతకు అటు, తెల్లారి పుట్టినవాడు ఇటు. బాలుర విషయంలో జనన ధ్రువపత్రంతో పాటు మణికట్టుకు ఎమ్మారై తీసి ఎముక పూర్తిగా అతుక్కుందో లేదో చూసే పద్ధతిని 2009 నైజీరియా ప్రపంచ కప్ నుంచి ఫిఫా అమలు చేస్తోంది. అభిమానికి దీనివల్ల వచ్చే ఉపయోగం ఒక్కటే: కిందటి ఏడాది మెరిసిన కుర్రాడి పేరు ఈ ఏడాది జట్టులో లేకపోతే సెలెక్టర్ల మీద పడే ముందు అతడు పుట్టిన సంవత్సరం చూసుకోవడం.

ఇప్పుడు అసలు పట్టిక. చాలా మంది జట్ల పేర్లు నిలువుగా రాసి, గెలుపు, డ్రా, ఓటమి, పాయింట్లు అని గళ్లు గీస్తారు. ఈ పోటీకి అది చాలదు. జట్ల పేర్లను నిలువుగానూ అడ్డంగానూ రెండు వైపులా రాసి, ఎవరు ఎవరితో ఎంత స్కోరు చేశారో ఆయా గడిలో నింపాలి. అయిదు జట్ల గ్రూపులో ప్రతి రౌండులోనూ ఒక జట్టు ఖాళీగా ఉంటుంది కాబట్టి, ఇంకా ఎన్ని మ్యాచ్‌లు మిగిలాయో చూపే గడి కూడా ఉండి తీరాలి. ఒకరు మూడు ఆడి, మరొకరు నాలుగూ ఆడేసిన రోజున పట్టికలో పైన కనిపించే పేరును చూసి సంబరపడితే తర్వాత నాలుక కరుచుకోవాల్సి వస్తుంది. వీలుంటే ఆటగాళ్ల పసుపు కార్డులను కూడా ఒక మూల గుర్తు పెట్టుకోండి. రెండు వేర్వేరు మ్యాచ్‌లలో రెండు పసుపు కార్డులు చూసినవాడు ఆ తర్వాతి మ్యాచ్‌కు దూరమవుతాడు. రోజు విడిచి రోజు మ్యాచ్ ఉండే ఈ చిన్న పోటీల్లో అది పెద్ద దెబ్బ.

ఆ అడ్డం-నిలువు పట్టిక ఎందుకంటే, పాయింట్లు సమానమైనప్పుడు ఏఎఫ్‌సీ మొదట చూసేది మొత్తం గోల్ తేడాను, అంటే చేసిన గోల్స్‌లోంచి ఇచ్చుకున్న గోల్స్ తీసేస్తే మిగిలేదాన్ని కాదు. సమానంగా ఉన్న జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్‌లను మాత్రమే విడిగా తీసి, వాటిలో ముందు పాయింట్లు, తర్వాత గోల్ తేడా, ఆ తర్వాత చేసిన గోల్స్ చూస్తారు. అప్పటికీ కొందరి మధ్య ముడి వీడకపోతే ఆ కొందరికే ఇదే కొలత మళ్లీ వర్తింపజేస్తారు. ఇదంతా అయ్యాకే గ్రూపు మొత్తం గోల్ తేడా, మొత్తం గోల్స్ లెక్కలోకి వస్తాయి. టీవీలో చూపే పట్టిక మాత్రం సాధారణంగా మొత్తం గోల్ తేడానే చూపుతుంది. నేను కూడా చాలా ఏళ్లు దాన్నే నమ్ముకుని, బలహీనమైన జట్టుపై మనవాళ్లు గోల్స్ వర్షం కురిపిస్తే సగం పని అయిపోయినట్టు భావించాను.

ఒక ఉదాహరణతో ఇది తేటపడుతుంది. నాలుగు జట్ల గ్రూపు అనుకుందాం. చొక్కాల రంగులనే పేర్లుగా పెడదాం. నీలం ఎరుపుపై 1–0తో, ఎరుపు ఆకుపచ్చపై 2–0తో, ఆకుపచ్చ నీలంపై 1–0తో గెలిచాయి. తెలుపు జట్టు ముగ్గురి చేతిలోనూ ఓడింది: నీలం 9–0తో, ఆకుపచ్చ 3–0తో, ఎరుపు 1–0తో మాత్రమే గెలిచాయి. ముగ్గురికీ ఆరేసి పాయింట్లు. మొత్తం గోల్ తేడా చూస్తే నీలానికి ప్లస్ 9, మిగతా ఇద్దరికీ ప్లస్ 2 మాత్రమే. తెరమీద నీలమే మొదటి స్థానంలో మెరుస్తుంటుంది. కానీ తెలుపుతో ఆడిన మ్యాచ్‌లను పక్కన పెట్టి ముగ్గురి మధ్య స్కోర్లే తీసుకుంటే ఎరుపుకు ప్లస్ 1, నీలానికి సున్నా, ఆకుపచ్చకు మైనస్ 1 వస్తాయి. గ్రూపు విజేత ఎరుపు. నీలం కొట్టిన ఆ తొమ్మిది గోల్స్ ఇక్కడ కాణీకి కొరగాలేదు.

ఇన్ని కొలతలు దాటినా ఇద్దరు సమానంగానే మిగిలితే వచ్చేది నాకు చాలా ఇష్టమైన నిబంధన. ఆ ఇద్దరూ చివరి మ్యాచ్‌లో ఒకరితో ఒకరు తలపడుతూ మైదానంలోనే ఉన్నారంటే, గ్రూపు మ్యాచే అయినా అక్కడికక్కడే పెనాల్టీ షూటౌట్ పెట్టి తేల్చేస్తారు. అలా కుదరనప్పుడు కార్డులు లెక్కిస్తారు. పసుపుకు 1, రెండు పసుపులతో వచ్చిన ఎరుపుకు 3, నేరుగా ఎరుపుకు 3, పసుపు తర్వాత నేరుగా ఎరుపు వస్తే 4. ఎవరి మొత్తం తక్కువైతే వారిది పైచేయి. ఆఖరి దిక్కు లాటరీ.

రెండో స్థానంలో నిలిచినవారికి దారి ఉన్న ఏడాది లెక్క ఇంకా చిక్కుగా ఉంటుంది, ఆసక్తి కూడా అక్కడే ఎక్కువ. 2022 అక్టోబరులో మన జట్టు సౌదీ అరేబియాలో ఆడుతూ మాల్దీవులపై 5–0, కువైట్‌పై 3–0, మయన్మార్‌పై 4–1తో గెలిచి, చివరికి ఆతిథ్య జట్టు చేతిలో 1–2తో ఓడినా, మెరుగైన రెండో స్థానాల కోటాలో 2023 ఆసియా కప్‌కు వెళ్లింది. వేర్వేరు గ్రూపుల్లో ఆడినవారిని పోల్చాలి కాబట్టి ఇక్కడ ముఖాముఖి ఫలితం అన్న మాటే ఉండదు. పాయింట్లు, గోల్ తేడా, చేసిన గోల్స్ అన్న వరుసే చూస్తారు. కానీ కొన్ని గ్రూపుల్లో నాలుగు జట్లు, కొన్నింటిలో అయిదు ఉంటే మ్యాచ్‌ల సంఖ్యే సమానం కాదు. అందువల్ల పెద్ద గ్రూపులో అట్టడుగున నిలిచిన జట్టుతో ఆడిన ఫలితాన్ని కొట్టివేసి పోలుస్తారు.

దీన్ని కూడా అంకెల్లో చూద్దాం. అయిదు జట్ల గ్రూపులో రెండో స్థానంలో ఉన్న జట్టు చివరి స్థానం వారిపై 5–0తో గెలిచి, మరొకరిపై 2–0తో నెగ్గి, ఒకరితో 1–1గా డ్రా చేసుకుని, విజేత చేతిలో 0–1తో ఓడిందనుకోండి. 7 పాయింట్లు, ప్లస్ 6. నాలుగు జట్ల గ్రూపులో రెండో స్థానం వారు ఒకటి 1–0తో గెలిచి, రెండు మ్యాచ్‌లు 1–1, 0–0గా డ్రా చేసుకున్నారు. 5 పాయింట్లు, ప్లస్ 1. ఏడు ముందా, అయిదు ముందా? అట్టడుగు జట్టుతో వచ్చిన 5–0ను కొట్టేస్తే మొదటివారికి మిగిలేది 4 పాయింట్లు. అయిదే ముందు.

ఇక్కడే పెన్సిలు అవసరమవుతుంది. అట్టడుగున ఎవరు ఉంటారన్నది చివరి రోజు దాకా తేలకపోవచ్చు. మన జట్టు 5–0తో ఓడించిన జట్టు ఆఖరి మ్యాచ్‌లో అనుకోకుండా గెలిచి ఒక మెట్టు పైకెక్కితే, మన 5–0 బతికిపోయి, ఇంకెవరిపైనో వచ్చిన చిన్న గెలుపు రద్దవుతుంది. అలాంటి రోజున మనకు సంబంధం లేనట్టు కనిపించే, నాలుగో, అయిదో స్థానాల కోసం జరిగే మ్యాచ్‌ను కూడా ఒక కంట కనిపెట్టి ఉండాలి.

చివరి రోజుకు ముందు రాత్రి కూర్చుని మన మ్యాచ్‌కు గెలుపు, డ్రా, ఓటమి అని మూడు గళ్లు, పక్క మ్యాచ్‌కు మూడు గళ్లు గీస్తే తొమ్మిది గళ్ల చిన్న చదరం వస్తుంది. ప్రతి గడిలో మన స్థానం ఏమిటో రాయండి. ఆ తొమ్మిదింటిలో పాయింట్లు సమానమయ్యే గళ్లను గుర్తించి, వాటికి మాత్రమే ముఖాముఖి లెక్క చేస్తే సరిపోతుంది. సాధారణంగా అవి రెండో మూడో మాత్రమే ఉంటాయి. మ్యాచ్ సమయాలను మన గడియారానికి మార్చి రాసుకోవడం మరచిపోకండి. సౌదీ మనకన్నా రెండున్నర గంటలు వెనుక, జపాన్ మూడున్నర గంటలు ముందు. పది గ్రూపులు పది దేశాల్లో జరిగే ఏడాది మన మ్యాచ్ ముగిసిన చాలా గంటల తర్వాత గానీ చివరి గ్రూపు తేలకపోవచ్చు.

బాలికల పోటీలకూ ఈ నోటు పుస్తకం పద్ధతి పనికివస్తుంది. 2025 అక్టోబరులో కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఉజ్బెకిస్తాన్‌ను 2–1తో ఓడించి మన అండర్-17 అమ్మాయిలు ఆసియా కప్‌కు అర్హత సాధించారు. అయితే వారి పోటీలో గ్రూపుల సంఖ్య, స్థానాల సంఖ్య వేరు కాబట్టి మొదటి పేజీ కొత్తగా రాసుకోవాలి.

పోటీ ముగిశాక పుస్తకం పాత కాగితాల వాడికి వేయకండి. 2026కు చేసినట్టుగా, ఈ ఏడాది ప్రపంచ కప్ ఆడినవారికి వచ్చే ఏడాది నేరుగా చోటు ఇచ్చే పద్ధతి కొనసాగితే, తర్వాతి అర్హత పోటీల్లో ఎవరు ఉండరో ఆ పుస్తకం చివరి పేజీయే చెబుతుంది.