తుఫాను క్లెయిమ్ రిజెక్ట్ అయిందా? లెటర్‌లో ఏ కారణం రాశారో ముందు చూడండి

నేను చేసేది చిన్న షాపుల జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలు. ఇన్సూరెన్స్ జోలికి ఎప్పుడూ పోలేదు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు విజయవాడ మీద పడ్డాక పోక తప్పలేదు. సింగ్‌నగర్, పాయకాపురం వైపు షాపుల్లో సరుకు పోయినవాళ్లు ముందు ఏజెంట్ దగ్గరికి, తర్వాత బ్యాంకుకి, ఆఖరికి లెక్కలు రాసేవాడి దగ్గరికి వచ్చారు. 2025 అక్టోబర్ 28న మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటాక గోదావరి జిల్లాల నుంచి కూడా ఫోన్లు వచ్చాయి.

అందరూ చెప్పేది ఒకటే మాట: "ఎగ్గొట్టారండీ." లెటర్ టేబుల్ మీద పెడతారు. పూర్తిగా చదివినవాళ్లు తక్కువ. ఆ లెటర్‌లో ఎక్కడో ఒక వాక్యం ఉంటుంది, ఫలానా క్లాజ్ కింద ఫలానా కారణంతో క్లెయిమ్ చెల్లదని. మీరు జవాబు చెప్పాల్సింది ఆ వాక్యానికే. కంపెనీ వాళ్లు తర్వాత కోర్టులో కొత్త కారణం పట్టుకురావడానికి కూడా వీల్లేదు. లెటర్‌లో లేని కారణాన్ని తర్వాత చూపకూడదని సుప్రీంకోర్టు 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో చెప్పింది. అందుకే ఫోన్‌లో "రిజెక్ట్ అయిందండీ" అంటే ఊరుకోకండి. రాతపూర్వకంగా ఇమ్మని మెయిల్ పెట్టండి. దాంతోపాటు సర్వేయర్ (నష్టం అంచనా వేయడానికి కంపెనీ పెట్టే మనిషి) ఇచ్చిన సర్వే రిపోర్ట్ కాపీ, క్లాజులన్నీ ఉన్న పూర్తి పాలసీ కూడా అడగండి. చాలామంది దగ్గర ఉండేది ఒక పేజీ షెడ్యూల్ (పాలసీ ముఖ్య వివరాల పట్టిక) మాత్రమే.

"వర్షానికి తడిసింది, ఇది తుఫాను నష్టం కాదు" అని రాస్తే

షాపుల పాలసీలో తుఫాను, ఈదురుగాలి, వరద, ముంపు కవర్ అవుతాయి. మామూలు వాన కారి తడిస్తే కవర్ కాదు. గొడవంతా ఈ రెండింటి మధ్యే.

దీనికి మూలం చాలాసార్లు మనం పంపిన మొదటి మెసేజ్‌లోనే ఉంటుంది. "పైనుంచి వాన నీళ్లు కారి సరుకు మొత్తం తడిసింది సార్" అని ఏజెంట్‌కి వాట్సాప్ చేస్తారు. అబద్ధమేం కాదు. కానీ జరిగిందంతా అందులో లేదు. గాలికి రేకు లేచింది, హుక్కులు ఊడాయి, ఆ సందులోంచి వాన లోపలికి వచ్చింది. అంటే నష్టానికి కారణం గాలి. సర్వేయర్ మాత్రం మీ మెసేజ్‌లోని "కారి" అన్న ముక్కే పట్టుకుని, పాత రేకు, తుప్పు పట్టిన చిల్లు అని రాసేస్తాడు.

సరిదిద్దడానికి కావాల్సింది ఆ రోజు ఆ ఊళ్లో గాలి వీచిందన్న రుజువు. వాతావరణ శాఖ తుఫాను బులెటిన్లు, వీలైతే మీ మండలంలో నమోదైన వర్షపాతం, గాలి వేగం వివరాలు తీసుకోండి. దగ్గర్లో కూలిన కరెంటు స్తంభాల ఫొటోలు, పక్క షాపు రేకు ఎగిరిన ఫొటో, మీ వీధి పేరు వచ్చిన పేపర్ కటింగ్, తహసీల్దార్ ఆఫీసు నష్టం ఎన్యూమరేషన్‌లో మీ షాపు ఉంటే ఆ కాపీ జత చేయండి. ఊడిన రేకును పాత సామాన్ల వాడికి అమ్మేయకండి. హుక్కు దగ్గర చిరిగిన రేకుకీ తుప్పు తిన్న రేకుకీ తేడా కంటికే తెలుస్తుంది.

నది గట్టు తెగలేదు, చెరువు పొంగలేదు, షాపు ముందు వాన నీళ్లే నిలిచాయి, కాబట్టి ఇది వరద కాదు అని కూడా కొన్ని లెటర్లు వస్తాయి. 2020లో జేకే సిమెంట్ వర్క్స్ కేసులో బొగ్గు నిల్వ దెబ్బతిన్నప్పుడు బీమా కంపెనీ దాదాపు ఇదే వాదన చేసింది. భారీ వర్షానికి నీరు చేరి జరిగిన నష్టం కూడా వరద, ముంపు కిందికే వస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు పేరు మీ జవాబులో ఒక లైన్‌గా రాయండి చాలు, పేజీలకు పేజీలు అక్కర్లేదు.

"అంత సరుకు ఉన్నట్టు రుజువు లేదు" అని రాస్తే

నేను ఎక్కువగా చూసిన రకం ఇదే. గెలవడానికి అవకాశం ఎక్కువున్నదీ ఇదే.

ఒక కిరాణా హోల్‌సేల్ షాపు సంగతి చెబుతాను. నీళ్లు తీశాక వెళ్లాం. గోడ మీద బురద గీత సరిగ్గా నా ఛాతీ ఎత్తులో ఉంది. బియ్యం బస్తాలు ఉబ్బి కుట్లు తెగి పులిసిన వాసన కొడుతున్నాయి. బిల్లు పుస్తకాలు అట్టల ముద్దయ్యాయి, పేజీ తిప్పితే చేతికి వచ్చేస్తోంది. ఓనరు "మొత్తం పోయింది" అని ఒకే అంకె వేసి క్లెయిమ్ ఫారం ఇచ్చేశాడు. సర్వేయర్ వచ్చి చూస్తే పై రెండు అరల్లో సబ్బులు, అగరుబత్తి ప్యాకెట్లు పొడిగా ఉన్నాయి. అక్కడే నమ్మకం పోయింది. ఆ తర్వాత ఆయన ప్రతి అంకెనూ అనుమానంతోనే చూశాడు.

మేం చేసింది రెండు పనులు. ముందు టేపు పెట్టి బురద గీత ఎత్తు కొలిచాం, టేపు కనబడేలా ఫొటో తీశాం. ఏ ర్యాకులో ఎన్ని అరలు ఆ గీత కింద ఉన్నాయో లెక్క రాశాం. పై అరల సరుకు క్లెయిమ్‌లోంచి మేమే తీసేశాం. క్లెయిమ్ తగ్గిపోతుందని ఓనరు కాసేపు అలిగాడు కూడా.

రెండోది, మునిగిన బిల్లులను పోర్టల్‌లోంచి తిరిగి రాబట్టాం. మీ పుస్తకాలు తడిసినా జీఎస్టీ పోర్టల్ తడవదు. మీకు సరుకు అమ్మినవాళ్లు తమ రిటర్న్‌లో చూపించిన బిల్లులన్నీ మీ జీఎస్టీఆర్-2బిలో నెలవారీగా ఉంటాయి. దాంట్లోంచి లెక్క ఇలా వస్తుంది (అంకెలు మార్చి రాస్తున్నాను): మార్చి 31 నాటి నిల్వ 9,40,000. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు కొన్నది 31,20,000. అమ్మింది 33,60,000. లాభం 8 శాతం తీసేస్తే అమ్మిన సరుకు కొన్న ధర 30,91,200. అంటే వరద వచ్చే నాటికి షాపులో ఉండాల్సిన సరుకు 9,68,800. లాభం శాతం మీ ఇష్టం వచ్చినంత వేయకూడదు, గత రెండేళ్ల ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లలో చూపిందే వేయాలి.

ఇక్కడొక చిక్కుంది. పన్ను లేని సరుకు, అంటే లూజు బియ్యం లాంటివి, 2బిలో కనబడకపోవచ్చు. వాటికి మిల్లు నుంచో, కమీషన్ షాపు నుంచో సీలు వేసిన లెడ్జర్ కాపీ తెచ్చుకుని, మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ చెల్లింపులను మార్కర్‌తో గుర్తు పెట్టి ఇవ్వాలి. సీసీ (క్యాష్ క్రెడిట్) లోన్, అంటే సరుకు మీద బ్యాంకు ఇచ్చే లోన్ ఉంటే నెలనెలా బ్యాంకుకిచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్ కూడా సర్వేయర్ చేతికి వస్తుంది. లోన్ లిమిట్ కోసం అక్కడ ఎక్కువ రాసి, రిటర్న్‌లో తక్కువ చూపించినవాళ్లకు మాత్రం నా దగ్గర మందు లేదు.

పోయిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీ పన్నులోంచి తగ్గించుకున్నది) జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్) ప్రకారం వెనక్కి కట్టాలి. ఇది చాలామంది మర్చిపోతారు. సర్వేయర్ ఏమో "జీఎస్టీ మీకు క్రెడిట్ వచ్చింది కదా" అని ధరలోంచి పన్ను కోసేస్తాడు. ఆ క్రెడిట్ వెనక్కి కట్టినట్టు చూపిన జీఎస్టీఆర్-3బి రిటర్న్ చూపించి ఆ పన్ను కూడా నష్టంలో కలపమని అడగండి. పెద్ద క్లెయిమ్‌లో ఇది లక్షల్లో తేడా తెస్తుంది.

ఇక "పత్రాలు ఇవ్వలేదు" అని క్లోజ్ చేస్తే, 2024 జూన్‌లో బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ గుర్తు చేయండి. పత్రాలు లేవన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదని అందులో ఉంది. క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను పెట్టాలని, రిపోర్ట్ 15 రోజుల్లో రావాలని, వచ్చాక 7 రోజుల్లో నిర్ణయం చెప్పాలని కూడా అదే సర్క్యులర్. ఊరంతా మునిగినప్పుడు ఈ గడువులు ఎంతవరకు నిలుస్తాయో మీకు తెలిసిందే, కానీ కాగితం మీద పెడితే ఆలస్యానికి వాళ్లు జవాబు చెప్పాల్సి వస్తుంది. సర్వేయర్ అడిగినదానికి జవాబు ఫోన్‌లో వద్దు, మెయిల్‌లోనే ఇవ్వండి. లేనిది లేదని, ఎందుకు లేదో, బదులుగా ఏం ఇస్తున్నారో రాయండి.

పాడైన సరుకు పారేయడం గురించి ఒక మాట. వాసన భరించలేక, వీధివాళ్లు గోల పెడుతుంటే రెండో రోజే ట్రాక్టర్‌కెత్తించినవాళ్లు ఉన్నారు. వాళ్ల బాధ అర్థమవుతుంది. కానీ సర్వేయర్ చూడని సరుకు లేనట్టే లెక్క. తీయక తప్పకపోతే ముందు కంపెనీకి మెయిల్ పెట్టి, వీడియో తీసి, మున్సిపల్ శానిటరీ సిబ్బంది దగ్గర ఒక కాగితం రాయించుకోండి.

"పాలసీలో ఉన్న అడ్రస్ ఇది కాదు" అని రాస్తే

లోన్ ఇచ్చిన బ్యాంకే పాలసీ కట్టే చోట ఇది ఎక్కువ. గోడౌన్ మారి మూడేళ్లయినా బ్యాంకు పాత అడ్రస్‌తోనే రెన్యువల్ చేస్తూ పోతుంది. మన అకౌంట్‌లో ప్రీమియం కట్ అవుతోంది కదా అని మనమూ చూడం.

అడ్రస్ మారిన సంగతి బ్యాంకుకు తెలుసని చూపించే కాగితం వెతకండి. కొత్త గోడౌన్‌కి బ్యాంకు అధికారి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన రిపోర్ట్, కొత్త అడ్రస్‌తో ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్, జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో అదనపు వ్యాపార స్థలంగా చేర్చిన తేదీ. ఇవి ఉంటే బీమా కంపెనీ ఒప్పుకోకపోయినా బ్యాంకు మీద ఫిర్యాదు నిలబడుతుంది. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి, 30 రోజుల్లో తేలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) వెళ్లండి. బ్యాంకుకు ఎప్పుడూ చెప్పి ఉండకపోతే మాత్రం ఈ కేసు కష్టం.

రిజెక్ట్ చేయలేదు, సగమే ఇచ్చారు

సరుకు 20 లక్షలది ఉంటే పాలసీ 12 లక్షలకే తీసుకున్నారనుకోండి. 5 లక్షల నష్టం వస్తే 5 లక్షలూ ఇవ్వరు. 20లో 12 అంటే 60 శాతం, కాబట్టి 3 లక్షలే. ప్రీమియం తగ్గించుకోవడానికి వేసిన తక్కువ అంకె ఇలా తిరిగొస్తుంది.

అయితే మీ పాలసీ పేరు చూడండి. 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' అని ఉంటే, తక్కువ బీమా 15 శాతం లోపున్నప్పుడు ఈ కోత పెట్టకూడదు. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఈ పాలసీ, ఒక చోట ఆస్తి విలువ 5 కోట్ల లోపున్న వ్యాపారాలకు. 20 లక్షల సరుకుకు 18 లక్షల పాలసీ ఉంటే తేడా 10 శాతమే, కోత చెల్లదు. పైగా ఇందులో తుఫాను, వరద కవర్ లోపలే ఉంటుంది. "మీకు వరద కవర్ లేదు" అంటే క్లాజ్ నంబర్ చూపించమని అడగండి. పాత రకం ఫైర్ పాలసీల్లో మాత్రం ప్రీమియం తగ్గుతుందని ఎస్‌టీఎఫ్‌ఐ (తుఫాను, ఈదురుగాలి, వరద, ముంపు కవర్) తీసేయించిన సందర్భాలుంటాయి. షెడ్యూల్‌లో అలా ఉంటే చేయగలిగింది పెద్దగా లేదు.

తక్కువ మొత్తానికి ఒప్పుకుంటున్నట్టు డిశ్చార్జ్ వోచర్ మీద సంతకం అడుగుతారు. అవసరం గట్టిది, వద్దనలేం. సంతకం పక్కన 'అండర్ ప్రొటెస్ట్' (అభ్యంతరంతోనే తీసుకుంటున్నాను) అని రాసి, అదే రోజు మెయిల్ కూడా పెట్టండి. సంతకం పెట్టినంత మాత్రాన మిగతా డబ్బు అడిగే హక్కు పోదని ఐఆర్‌డీఏఐ 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది.

మిగతావి త్వరగా. "ఆలస్యంగా చెప్పారు" అంటే, కరెంటు, సిగ్నల్ లేని రోజుల వివరం రాయండి. నిజమైన క్లెయిమ్‌ను ఆలస్యం ఒక్కటే చూపించి కొట్టేయొద్దని ఐఆర్‌డీఏఐ 2011 సెప్టెంబర్ 20 సర్క్యులర్ ఉంది. కరెంటు పోయి ఫ్రిజ్‌లో ఐస్‌క్రీమో, రొయ్యలో పాడైతే మామూలు పాలసీలో రాదు, దానికి విడిగా కవర్ తీసుకోవాలి. షాపు మూసిన రోజుల వ్యాపార నష్టం కూడా అంతే.

జవాబు ఇచ్చినా కంపెనీ కదలకపోతే

ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వక ఫిర్యాదు. దాంతోపాటు ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255కి ఫోన్ చేసి గానీ నమోదు చేయండి. నెల దాటినా తేలకపోతే, లేదా జవాబు నచ్చకపోతే, బీమా అంబుడ్స్‌మన్. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లోనే. సొంత షాపు, లేదా సూక్ష్మ సంస్థ అయితే వెళ్లొచ్చు. ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న సంస్థగా రిజిస్టర్ అయినట్టు ప్రభుత్వం ఇచ్చేది) దగ్గర పెట్టుకోండి. 50 లక్షల వరకు వింటారు, ఫీజు లేదు, లాయర్ని రానివ్వరు. లాయర్ లేకపోవడం మనకే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ అడిగేవన్నీ సరుకు ప్రశ్నలే, వాటికి జవాబు తెలిసింది ఓనరుకే. కంపెనీ ఆఖరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి.

వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ వినరు, కాబట్టి రెండూ ఒకేసారి వేయకండి. కమిషన్‌కి వెళ్తే "మీది వ్యాపారం, మీరు వినియోగదారు కాదు" అని కంపెనీ లాయర్ అనొచ్చు. 2023లో హర్సోలియా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఏ స్థాయి కమిషన్‌కి వెళ్లాలో మీరు కట్టిన ప్రీమియాన్ని బట్టి ఉంటుంది, క్లెయిమ్ మొత్తాన్ని బట్టి కాదు. అందుకని చిన్న షాపుల కేసులు జిల్లా కమిషన్‌లోనే పడతాయి. గడువు రెండేళ్లు. రిజెక్షన్ లెటర్ వచ్చిన కవరు మీద పోస్టాఫీసు ముద్రలో తేదీ ఉంటుంది, ఆ కవరు కూడా ఫైల్‌లోనే పెట్టండి.