రోల్‌ప్లే టేబుల్ మొరాయిస్తా ఉంటే: సమస్య - పరిష్కారం

తిరుపతిలో చాన్నాళ్లుగా డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక పాత్రగా మారి, డైస్ వేస్తా కథ నడిపే ఆట) ఆడతా, ఆడిస్తా ఉండా. కొత్తగా డంజన్ మాస్టర్ (కథ కట్టి ఆట నడిపించేవాడు) సీట్లో కూర్చున్న పిల్లకాయలు ఏదైనా తేడా వచ్చిందంటే చాలు, "అన్నా, రూల్స్ మార్చేద్దామా" అంటారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ గేమ్ తెచ్చినప్పట్నుంచి రూల్స్ మారతానే ఉండాయి, 2014లో ఐదో ఎడిషన్ వచ్చింది, 2024లో దాన్నే మళ్లీ సవరించినారు, అయినా టేబుల్ దగ్గర పంచాయితీలు మాత్రం అవే. రూల్ బుక్కు ఆఖర్న తెరవండి. చాలాసార్లు కారణం మీరు కథ కట్టుకున్న తీరులోనే ఉంటాది.

మూడో సెషన్‌కే జనం రావడం మానేసినారు

లక్షణం మీకు తెలిసిందే. ఆదివారం నాలుగింటికి గేమ్, మూడున్నరకి గ్రూపులో మెసేజ్: "అన్నా, పెదనాయనోళ్లు దర్శనానికి వచ్చినారు, కొండకి తీస్కపోవాల." ఇంకొకడు ఫోనే ఎత్తడు.

మన ఊర్లో ఇల్లుంటే చుట్టాలు వస్తారు, ఎవరో ఒకరు అలిపిరి దాకా దిగబెట్టాల, దీన్ని ఎవురూ ఆపలేరు. అసలు కారణం ఏందంటే మీరు కట్టిన కథ ఐదుగురు ఆటగాళ్లూ ఉంటేనే నడుస్తాది. పోయిన వారం గుహ మధ్యలో ఆపేసినారు, ఆ గుహలో ఉండాల్సిన క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి పాత్ర) ఇప్పుడు తిరుచానూరు రోడ్డులో ఆటో కోసం చూస్తా నిలబడుండాడు.

దీనికి బెన్ రాబిన్స్ అనే ఆయన నడిపిన వెస్ట్ మార్చెస్ పద్ధతి బాగా పనికొస్తాది. ప్రతి సెషన్ ఊర్లో మొదలై ఊర్లోనే ముగియాల, ఆ రోజు ఎవురొస్తే వాళ్లే బయటికి పోతారు, రాని వాళ్ల క్యారెక్టర్లు ఊర్లో ఉంటారు అంతే. ఆయన పెద్ద గుంపుతో ఆడించినాడు, డేట్ కూడా ఆటగాళ్లే పెట్టుకునేవాళ్లు, మనకి అంత అవసరంలేదు, సగం తీసుకున్నా చాలు. మా దాంట్లో ఊరంటే చంద్రగిరి కోటలాంటి ఒక కోట, దాని వెనకాల శేషాచలం లాంటి అడవి, ఒక పక్క తలకోన మాదిరి జలపాతం, ఇంతే మ్యాప్. ముగ్గురుంటే గేమ్ ఉన్నట్టే అని ముందే చెప్పేయండి, ఏడింటికల్లా కోటకి తిరిగొచ్చేలా చూసుకోండి. బ్రహ్మోత్సవాల టైంలో అసలు క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే కథ) పెట్టుకోవద్దు, కుదిరితే ఒక పూటలో అయిపోయే వన్‌షాట్ ఆడుకోండి, లేకపోతే లేదు.

కథ ఒకే చోట ఇరుక్కుపోయింది, గంటగా గోడలు తడుముతా ఉండారు

ఇది మిస్టరీ కథల్లో ఎక్కువ. ఉదాహరణకి గంగ జాతర లాంటి జాతర పెట్టుకుందాం, నాకు ఇష్టమైన సెట్టింగ్ ఇది, మన తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర అని రోజుకో వేషం కడతారు కదా, ఊరంతా వేషాల్లో ఉంటే దొంగని కనిపెట్టడం ఎంత కష్టమో చూడండి. కథ ఏందంటే జమీందారు ఇంట్లో పెట్టె పోయింది, దొంగ దొర వేషంలో తిరగతా ఉండాడు. మీరు పెట్టింది ఒకటే ఆధారం, కిటికీ కింద పడిన వేషం రంగు. ఆటగాడు ఇన్వెస్టిగేషన్ రోల్ (వెతికితే దొరికిందా అని ఇరవై ముఖాల డైస్ వేసి చూడటం) వేసినాడు, 4 పడింది, రంగు కనపడలా. అయిపోయింది, కథకి ఇంకో దారి లేదు, అందరూ మీ మొహం చూస్తా కూర్చుంటారు.

జస్టిన్ అలెగ్జాండర్ దీనికి మూడు ఆధారాల సూత్రం చెప్పినాడు: ఆటగాళ్లు ఏ విషయం కనుక్కోవాలని మీరు అనుకుంటారో దానికి కనీసం మూడు దారులు పెట్టాల. ఒకటి వాళ్లు చూడరు, ఒకటి చూసినా పట్టించుకోరు, మూడోదాన్ని తప్పుగా అర్థం చేసుకుని కూడా ఎట్లో సరైన చోటికే పోతారు. మన కథలో అయితే కిటికీ కింద రంగు, వేషం కట్టిన ముసలాయన "ఈ ఏడు నేను కట్టని దొర ఇంకొకడు తిరగతా ఉండాడే" అని గొణగడం, పెట్టె తాళంచెవి కుదవ పెట్టిన అంగడి. ముసలాయన మాటకి రోల్ అడగొద్దు, పలకరిస్తే చెప్పేస్తాడు. రోల్‌కి అదనపు లాభం పెట్టండి, ఉదాహరణకి బాగా పడితే దొంగ కుంటుతాడని కూడా తెలుస్తాది. కథ ముందుకి పోవడానికి కావాల్సింది మాత్రం డైస్ వెనకాల దాచొద్దు, నా టేబుల్లో దీని మీద బేరం లేదు.

ఫైట్ గంటన్నర సాగింది, లేదంటే రెండు రౌండ్లకే బాస్ పోయినాడు

రెండింటికీ కారణం లెక్కలోనే ఉంది. ఐదుగురు ఆటగాళ్లంటే రౌండ్‌కి (అందరికీ ఒక్కో వంతు వస్తే ఒక రౌండ్) ఐదు యాక్షన్లు, మీ బాస్‌కి, అంటే పెద్ద విలన్‌కి, ఒకటి. వాడి హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకుంటాడో ఆ లెక్క) రెండింతలు చేస్తే బలం పెరగదు, చావడానికి టైం పెరుగుతాది అంతే, అందుకే చిన్న ఫైట్ పెద్దదయి విసుగొస్తాది. దానికి బదులు పక్కన నలుగురు గాబ్లిన్లని (చిన్న రాక్షసులు) నిలబెట్టండి, 2014 రూల్స్‌లో ఒక్కోదానికి 7 హిట్ పాయింట్లే, ఒక దెబ్బకి పోయినా ఆటగాళ్ల యాక్షన్లు తినేస్తాయి. సగం మంది పడిపోగానే మిగిలినవాళ్లు పారిపోవాల, చచ్చేదాకా కొట్టుకోవాలని ఎక్కడా లేదు. డ్యామేజ్ డైస్ (దెబ్బ ఎంతో చెప్పేది) ఎటాక్ డైస్‌తో (దెబ్బ తగిలిందా లేదా చెప్పేది) కలిపి ఒకేసారి వేయమనండి, మీరు మాత్రం రాక్షసుల పక్కన రాసుండే సగటు డ్యామేజే వాడుకోండి.

ఫస్ట్ లెవెల్ వాళ్ల (ఇప్పుడే మొదలైన పాత్రలు) మీదకి ఓగర్‌ని (భారీ రాక్షసుడు) వదలొద్దు సామీ. సగటు దెబ్బ 13. ఆరు హిట్ పాయింట్లున్న విజార్డ్‌కి (మాంత్రికుడు) తగిలితే సున్నాకి పోయినాక ఇంకా 7 మిగులుతాది, అది వాడి మ్యాక్సిమమ్ కంటే ఎక్కువ కాబట్టి డెత్ సేవ్ (చావు తప్పించుకోవడానికి వేసే రోల్) కూడా లేకుండా అక్కడికక్కడే పోతాడు. మొదటి రోజే క్యారెక్టర్ పోయినోడు మళ్లీ షీట్ పట్టుకోవడం కష్టం.

"ఇప్పుడేం చేస్తారు" అంటే అందరూ మౌనం

యూట్యూబ్‌లో వాయిస్ యాక్టర్లు ఆడే షోలు చూసి వచ్చినారు, అట్ల గొంతులు మార్చి మాట్లాడాలేమో అని సిగ్గు. "నా రోగ్ (దొంగ పాత్ర) వాడిని బుజ్జగిస్తాడు" అని పక్కనుండి చెప్పినా చాలని మీరే ముందు అట్ల చేసి చూపించండి. ప్రశ్న కూడా మరీ వెడల్పుగా ఉంటే నోరు రాదు. క్యారెక్టర్ పేరు పెట్టి అడగండి, "భైరవా, గేటు కాడ కాపలావోడు నిన్ను గుర్తుపట్టినట్టుండాడు, పలకరిస్తావా తప్పుకుంటావా?" పూర్తిగా తెలుగులోనే ఆడుకోండి, రూల్స్ పేర్లు ఇంగ్లీష్‌లో ఉన్నా ఏం కాదు.

ఒకడే ఆడతాడు, అడిగితే "నా క్యారెక్టర్ అంతే" అంటాడు

పార్టీ సొమ్ము కొట్టేయడం, పక్కోడి టర్న్‌లో మాట్లాడటం. గేమ్ లోపల శిక్ష వేయొద్దు, పిడుగు పడేసి చంపొద్దు, వాడు ఇంకా రెచ్చిపోతాడు. బయట టీ తాగతా ఒక్కడితోనే చెప్పండి: "క్యారెక్టర్‌ని రాసింది నువ్వే కదా మామా, అందరితో కలిసి పోవడానికి కారణం కూడా నువ్వే రాయి." కొత్త గ్రూప్ అయితే ఆట మొదలవక ముందే ఒక సెషన్ జీరో పెట్టుకోండి, ఏవి ఉండొచ్చు, ఏవి వద్దు అని మాట్లాడుకోండి. జాన్ స్టావ్రోపౌలోస్ తయారుచేసిన ఎక్స్ కార్డ్ కూడా టేబుల్ మధ్యలో పెట్టండి, ఎవరికైనా ఇబ్బందిగా అనిపిస్తే దాన్ని ముట్టుకుంటారు, ఆ సీన్ దాటేస్తారు, ఎందుకని అడగరు.

పుస్తకాలు, డైస్ కొనడానికి డబ్బుల్లేవు

ఐదో ఎడిషన్ మూల రూల్స్ 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ కింద ఫ్రీ. డైస్‌కి ఫోన్ యాప్ చాలు.

"నా డైస్‌కి శని పట్టింది"

ఫస్ట్ లెవెల్లో ప్లస్ 5 (డైస్ మీద పడినదానికి కలుపుకునే అంకె) ఉన్నోడికి మొత్తం కనీసం 15 రావాలంటే డైస్ మీద 10 గానీ అంతకంటే పైన గానీ పడాల, అంటే 55 శాతం. వరసగా మూడుసార్లు తప్పడం 9 శాతం, ఐదుగురు సాయంత్రమంతా వేస్తా ఉంటే ఎవరికో ఒకరికి పడతాదది. తెలివిగా ఆడి అడ్వాంటేజ్ (డైస్ రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) తెచ్చుకుంటే అదే రోల్ దాదాపు 80 శాతానికి పోతాది, ఆ లెక్క ఒకసారి చెప్పి చూడండి, ఆటగాళ్లే చాటుకి పోయి దాక్కోవడం మొదలుపెడతారు. ఇంకా డౌటే అంటే గ్లాసు నీళ్లలో డైస్ తేలేదాకా ఉప్పు కలపండి, వేలితో తిప్పి వదిలి చూడండి, ప్రతిసారీ ఒకే నంబర్ పైకి వస్తా ఉంటే ఆ డైస్ మార్చేయండి.