వేట విరామంలో పడవ ఇంజను ఫ్లైవీల్ విప్పుతున్నారా? ఈ జాగ్రత్తలు తీసుకోండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. కళింగపట్నం, భావనపాడు, బారువ, ఇటు విజయనగరం జిల్లా చింతపల్లి తీరంలో ఫైబర్ పడవలు ఒడ్డెక్కే ఈ రోజుల్లోనే పడవ వెనక తగిలించే పాత అవుట్‌బోర్డ్ ఇంజన్లు విప్పుకోవాలి. జూన్ రెండో వారం దాకా ఆగితే తొందర పుడుతుంది, తొందరలో చెయ్యి సుత్తి మీదికే పోతుంది.

ఫ్లైవీల్ అంటే అయస్కాంతాలున్న బరువైన చక్రం. అది ఇంజను తిప్పే క్రాంక్ షాఫ్టు కొసన టేపరు మీద, అంటే పోనుపోను సన్నబడే భాగం మీద బిగిసి కూర్చుంటుంది. పట్టంతా టేపరుదే. పక్కనుండే అర్ధచంద్రాకారపు చిన్న లోహపు ముక్క, కీ, టైమింగ్ (నిప్పురవ్వ సరైన క్షణంలో పడటం) తప్పకుండా చూడటానికే ఉంది. ఏళ్లతరబడి ఉప్పుగాలి తగిలి ఆ సందులో తుప్పు పడితే, నట్టు తీసినా చక్రం కదలదు. అప్పుడు షాఫ్టు కొస మీద కొడితే మరలు అణిగిపోతాయి, బేరింగులు దెబ్బతింటాయి, అయస్కాంతాలు పగులుతాయి. అంచుకు కాళ్ల పుల్లర్ (చక్రాన్ని లాగే పనిముట్టు) తగిలించి లాగినా చక్రం వంగిపోతుంది.

ముందు స్పార్క్ ప్లగ్గులు తీయండి. చక్రం తిప్పేటప్పుడు ఇంజను అంటుకోకూడదు. ట్యాంకు దూరంగా పెట్టి, కార్బురేటర్‌లో పెట్రోలు వంపేయండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలబారుగా పాకుతుంది. కనుక వలలున్న పాకలో కాకుండా ఆరుబయట నీడలో పని పెట్టుకోండి. గ్యాస్ మంట మాత్రం వద్దే వద్దు. నిప్పు భయం ఒకటైతే, వేడికి అయస్కాంతాల జిగురు వదిలేస్తుంది.

నట్టు వదులు చేయడానికి చక్రాన్ని పట్టీతో పట్టుకోండి, చక్రం పళ్ల మధ్య స్క్రూడ్రైవర్ పెట్టకండి. కొందరు ప్లగ్గు రంధ్రంలోంచి తాడు దింపి పిస్టన్‌ను ఆపుతారు. టూ స్ట్రోక్ ఇంజన్లో పిస్టన్ పైకొచ్చి పోర్టులు (సిలిండరు గోడలోని రంధ్రాలు) మూసుకున్నాకే తాడు దింపాలి, లేకపోతే అది పోర్టులో నలిగి తెగుతుంది. నట్టు పూర్తిగా తీసేయకుండా షాఫ్టు కొసతో సమంగా ఉంచండి. మరలకు రక్ష అదే, చక్రం ఎగిరి మీద పడకుండా ఆపేదీ అదే.

చక్రం నడిమి దిమ్మ, అంటే హబ్‌లో సాధారణంగా మూడు మరల రంధ్రాలుంటాయి. పళ్లెంలా ఉండే పుల్లర్‌ను వాటికే బిగించాలి. బోల్టులు మూడూ ఒకే లోతుకు, కనీసం తమ మందమంత దిగాలి. మరీ పొడుగైతే చక్రం కింద ఉండే కాయిల్‌ను (తీగ చుట్టను) పొడిచేస్తాయి, ముందే కొలుచుకోండి. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున షాఫ్టు కొసను నొక్కే పుల్లర్ నడిమి బోల్టు గట్టిగా బిగించి, దాని తల మీద సుత్తితో తేలిగ్గా ఒక్కసారి తట్టి, ఆగండి. రాకపోతే పావు చుట్టు బిగించి మళ్లీ తట్టండి. ఇంకా మొండికేస్తే బిగువు అలాగే ఉంచి, వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ హబ్‌కు చుట్టండి. వదిలేటప్పుడు టప్పుమని పెద్ద చప్పుడొస్తుంది, ముఖం మాత్రం పైన పెట్టకండి.

ఊడి వచ్చాక చక్రాన్ని అయస్కాంతాలు పైకి వచ్చేలా శుభ్రమైన గుడ్డ మీద పెట్టండి. ఇసుకలోని ఇనుప రజను, చిన్న వాషరు దానికి అంటుకుంటాయి. ఒక్క వాషరు అలాగే ఉండిపోతే ఇంజను తిరగగానే కాయిల్ చిరిగిపోతుంది. కీ పక్కకు మెలిపడినా, అంచు కొద్దిగా తెగినా మార్చేయండి. ఆ కాస్త తేడాతోనే టైమింగ్ తప్పి, తాడు లాగినప్పుడు ఎదురుతన్ను చెయ్యి విరిచేస్తుంది. హబ్‌లో కీ కూర్చునే గాడి దగ్గర పగులుంటే ఆ చక్రాన్ని ఇక వాడకూడదు.

బిగించేటప్పుడు షాఫ్టు మీదిదీ, హబ్ లోపలిదీ రెండు టేపర్లనూ తుడిచి పొడిగా ఉంచండి. చాలామంది మళ్లీ తుప్పు పట్టదని గ్రీజు రాస్తారు, అది తప్పు. పొడి లోహం మీదే టేపరు పట్టు ఉంటుంది. నట్టును మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) టార్క్ రెంచితోనే బిగించండి. తర్వాత గేరుపెట్టె నీళ్లలో మునిగేలా డ్రమ్ములో పెట్టి పది నిమిషాలు నడపండి. నీళ్లు లేకుండా ఒక్క నిమిషం నడిపినా పంపు రబ్బరు మాడిపోతుంది. ఆపి, చల్లారాక నట్టు మరోసారి చూసుకుని మూత బిగించండి.